పెద్దచేని మన్ను

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆఖరి ఎండాకాలం అది. దుర్ముఖి నామ సంవత్సరం. ఆ పేరు వినగానే మా అత్త రంగనాయకమ్మ మూతి విరిచి, "ఇల్లు కట్టేదానికి ఇంతకంటే మంచి పేరుండే ఏడాది దొరకల్యా మీకు?" అంది. దొరకలేదు. మాకు ఆ ఏడాదే కావాలి. ఎందుకంటే అప్పటికి రెండు నెలలుగా మా కాపురం ఆళ్ళగడ్డలో ఒక పశువుల కొట్టంలో సాగుతోంది.

మా మామ శేషయ్య నాకు పరాయివాడు కాదు. మా అమ్మకు సొంత తమ్ముడు. ఆయన తమ్ముడు చెన్నకేశవులు నాకు చిన్నమామ. నా చిన్నప్పుడు నంద్యాలకు వచ్చినప్పుడల్లా ఇద్దరూ పోటీపడి నన్ను భుజాలకెత్తుకుని తిప్పినవాళ్ళే. అట్లాంటి ఇద్దరూ ఆ మాఘమాసంలో పెద్దమనుషుల ముందు కూర్చుని భాగాలు పంచుకున్నారు. పాత మిద్దె, దాని పక్క కొట్టం చిన్నమామకు వచ్చాయి. ఊరి చివర నంద్యాల బాట పక్కనున్న ఖాళీ జాగా మామకు వచ్చింది. తాతల నాటి పెద్దచేనుకు నడిమధ్యన గట్టు వేసి చెరి సగం చేశారు. చేని బావిని రెండు ముక్కలు చెయ్యలేరు కాబట్టి, నీళ్ళు మాత్రం దినం మార్చి దినం తోడుకోవాలన్నారు. అంతా సవ్యంగానే జరిగిపోయింది. చివరికి పోతూ పోతూ ఎవరో, "ఇల్లు లేచేదాకా మీ అన్నను ఈ కొట్టంలో ఉండనీప్పా చెన్నకేశవులూ" అన్నారు.

"ఉండనీ. నేనేమన్నా పొమ్మంటినా?" అన్నాడు చిన్నమామ.

ఆయన మంచిగానే అన్నాడేమో. మామకు మాత్రం తగలాల్సిన చోట తగిలింది. "మృగశిర కార్తెకు ఖాళీ చేస్తా. ఆ పైన నీ గడప ముందర ఏ ఒక్కదానికన్నా వచ్చి నిలబడితే, నన్ను శేషయ్య అనొద్దు" అని కండువా దులిపి లేచాడు.

ఇటుకల ఇల్లు కావాలని అడిగింది నేను. ఆళ్ళగడ్డలో అప్పట్లో చాలా ఇళ్ళకు రాతిగోడలు, పైన మట్టి మిద్దెలు. వాన పడితే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తీసి కారే చోటల్లా పెట్టాలి, ఆ పూటకు అన్నం తినడానికి గిన్నె మిగలదు. నంద్యాలలో రైలుస్టేషను వైపు ఎర్రటి ఇటుక గోడలు చూస్తూ పెరిగినదాన్ని నేను. నా పెనిమిటి వెంకటేశ్వర్లు దొర్నిపాడు బడిలో పంతులు. శనివారం వచ్చి సోమవారం పోయే మనిషి. ఆయన్ను అడిగితే "నాయన్ను అడుగు" అన్నాడు. నాకు భయమేమిటి, అడిగాను. మామ గడ్డం గోక్కుంటూ కాసేపు ఆలోచించి, "సరే, ఇటికెలే. చెన్నకేశవులు మిద్దె కంటే జానెడు ఎత్తుండల్ల" అన్నాడు.

ఉగాది దాటిన మూడోనాడు మామా నేనూ బస్సెక్కి నంద్యాల చేరి, అమ్మ దగ్గర భోజనం చేసి, కుందూ ఒడ్డున ఉన్న ఇటుక బట్టీలకు పోయాం. మామ ఇటుకలు చూసే పద్ధతి కుండలు కొనే పద్ధతే. ఒక ఇటుక తీసుకోవడం, వేలి కణుపుతో కొట్టడం, చెవి దగ్గర పెట్టుకోవడం. "ఇది మూగది" అని ఒక బట్టీ దగ్గర, "దీనికి జలుబు చేసింది" అని ఇంకో బట్టీ దగ్గర వాళ్ళ ముఖాన్నే చెప్పి వచ్చేవాడు. నాలుగు బట్టీలు అట్లా అయిపోయాయి. అయిదో బట్టీ హుస్సేన్ వలిది. నలభై ఏళ్ళ మనిషి, మోచేతుల దాకా ఎర్రదుమ్ము. ఆయన భార్య బీజాన్ పక్కనే కూర్చుని కొయ్య అచ్చులో మన్ను కొడుతోంది.

మామ ఇటుకను కొట్టాడు. ఖణేల్‌మంది. ఆయన ముఖం విప్పారింది.

"ఇది పలుకుతాంది. పదైదు వేలు కావల్ల, ఆళ్ళగడ్డకు."

"అమ్ముతా, దానికేముంది" అన్నాడు హుస్సేన్ వలి. "కానీ అప్పా, ఇరవై అయిదు మైళ్ళు ఎద్దులబండి మీద. ఆ బాట నీకు తెలీంది కాదు. ఈడ వెయ్యి ఎక్కిస్తే ఆడ ఏడునూర్లు దిగుతాయి. మూడునూర్లు కంకరే."

"మరి ఏం చెయ్యమంటావ్?"

"ఇటికెలు రాలేకపోతే నేను రాలేనా? మన్ను చూపించు, నీళ్ళు చూపించు, కాల్చేదానికి కంప చూపించు. నేనూ బీజానూ మీ ఊరికే వచ్చి బట్టీ పెడతాం."

"నీళ్ళు దగ్గరుండల్ల" అంది బీజాన్ తల ఎత్తకుండానే. "ఈయప్పకేం, మాటిస్తాడు. కడవ మోసేది నేను."

నాకు ఆమె ఆ క్షణానే నచ్చింది. బేరం కుదిరింది. వారం తిరక్కముందే ఇద్దరూ మూటాముల్లెతో ఆళ్ళగడ్డలో దిగారు.

హుస్సేన్ వలి మొదట ఊరి పక్కన పారే వక్కిలేటి ఒడ్డంతా తిరిగి, అక్కడి ఒండ్రు పిడికిట పట్టి పిసికి చూసి, "ఇది చాలప్పా, ఇంకేమీ వద్దు" అన్నాడు. మామ ఒప్పుకోలేదు.

"ఏటి మన్ను ఏటిది. నా గోడ ఏటిదెట్లయితాది? మా తాత, మా నాయన దున్నిన మన్ను ఉండల్ల దాంట్లో. పెద్దచేనులో తవ్వు."

అందరం చేనికి పోయాం. మామ భాగానికి వచ్చిన సగంలో హుస్సేన్ వలి ఒక గడ్డ తీసి అరచేతిలో నలిపాడు. నల్లటి పొడిలో మూడు నాలుగు తెల్లటి గుళ్ళు మిగిలాయి.

"సుద్ద గుళ్ళప్పా ఇవి. బట్టీలో కాలితే సున్నమైతాయి. ఇటికెకు మంచివి కాదు."

"ఈ చేనులో జొన్న నిలువెత్తు పెరుగుతాది. జొన్నకు మంచిదైన మన్ను ఇటికెకు చెడ్డదైతాదా?" అన్నాడు మామ.

మన్ను విషయంలో మామ ఇంకొకరి మాట వినగా నేను చూడలేదు. అబద్ధమెందుకు, నాకూ తాత మన్నుతో గోడ అంటే ముచ్చటేసింది. నేను నోరు విప్పలేదు. చివరికి సగం ఒండ్రు, సగం పెద్దచేని మన్ను అని రాజీ అయ్యింది. బీజానూ, అత్తా, నేనూ కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఆ గుళ్ళు ఏరాం. పెద్దవన్నీ ఏరాం. జొన్నగింజంత వాటిని ఎవరు ఏరగలరు?

చేని బావి పక్కనే బట్టీ పేర్చారు. నిప్పు పెట్టే పొద్దున మామ టెంకాయ కొట్టాడు. హుస్సేన్ వలి చక్కెర పెట్టి ఫాతెహా చదివాడు. నేను రెండు ప్రసాదాలూ తిన్నాను. అప్పుడు హుస్సేన్ వలి మండుతున్న కట్టె తెచ్చి మామ ముందు నిలబడ్డాడు.

"అప్పా, మా బట్టీలోళ్ళకు ఒక కట్టుబాటుండాది. మొదటి నిప్పు ఎవరు పెడితే బట్టీ వాళ్ళది. నేను పెడితే మంచివి ఏరి నీకిస్తా, చెడినవి నావి. నువ్వు పెడితే మంచీ చెడ్డా అన్నీ నీవే. ఈ మన్ను నేను ఒప్పుకున్నది కాదు. అందుకే అడుగుతాండా."

మామ ఆ కట్టె అందుకుని, వంగి, బట్టీ నోట్లో పెట్టాడు.

వారం పైన కాలింది, ఇంకో వారం చల్లారింది. రోహిణి కార్తె రాకముందే బట్టీ విప్పారు. ఆ ఎరుపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. మామ ఒకటి తీసి వేలితో కొట్టి, నా చెవి దగ్గర పెట్టి, మళ్ళీ కొట్టి, "విను, విను" అన్నాడు. హుస్సేన్ వలి కూడా నవ్వాడు. నాలుగు రోజుల్లో రెండు బండ్ల ఇటుకలు జాగాకు చేరాయి. మిగిలినవన్నీ బట్టీ దగ్గరే ఉన్నాయి. అందులోంచి నేనూ రెండు కొట్టానికి తెచ్చుకున్నాను. కొత్త చాపకు ఈతాకు తొట్టిలో నానబెట్టి, తేలకుండా ఆకు మీద ఆ ఇటుకలనే బరువుగా పెట్టాను.

గోడ కట్టే మేస్త్రీ దావీదు. పొద్దున పని మొదలుపెట్టాలని ముందురోజు సాయంత్రమే ఇటుకల మీద కడవలతో నీళ్ళు చల్లి పోయాడు. తెల్లవారి నేను ఆయనకు జొన్నరొట్టెలు తీసుకుని పోయేసరికి, ఆయన పని మొదలుపెట్టకుండా ఇటుకల ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"కమలమ్మా, మీ మామను పిలువు" అన్నాడు.

ఎందుకని అడగక్కర్లేకపోయింది. పైవరుసలో ఉన్న ఇటుకలన్నీ పగిలిపోయాయి. కొన్నిటికి మూలలు ఊడాయి, కొన్నిటికి ముఖం పొరలు పొరలుగా లేచింది. లేచిన ప్రతిచోటా లోపల తెల్లటి పిండి.

మామ వచ్చాడు. ఒక ఇటుక తీసి అరచేతిలో నలిపాడు. ఆ రోజు చేనులో హుస్సేన్ వలి గడ్డను నలిపినట్టే నలిపాడు. పక్కనే హుస్సేన్ వలి నిలబడి ఉన్నాడు. నేను ముందే చెప్పలేదా అనే మాట ఆ మనిషి నోట రాలేదు. అప్పుడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఆయన మీద నాకు అంత గౌరవం ఆ ఒక్కదానికే.

మామ పడమటి వైపు చూశాడు. నల్లమబ్బు తునకలు రెండు మూడు లేస్తున్నాయి.

"ఒక్క వాన పడితే బట్టీ కాడుండేవన్నీ ఇంతేనా?"

"ఇంతే అప్పా."

అత్తకు మాత్రం మాట ఆగలేదు. "రాయీ మన్నూ చాలని నేను మొత్తుకుంటే విన్నారా? ఇటికెలంట, ఇటికెలు!" అని నా వైపు చూసింది. నేను కొట్టానికి వచ్చేశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఇల్లు పోతే పోయిందనుకోవచ్చు. మృగశిర నాడు మా మామ తమ్ముడి ముందు తలవంచుకుని, ఇంకొన్నాళ్ళు ఈ కొట్టంలో ఉంటామని అడగాలి. అది నేను చూడాలి. ఇటుకలు అడిగింది నేనే.

ఏడుస్తూ ఏం చెయ్యాలో తోచక, తొట్టిలో ఈతాకు తీద్దామని చెయ్యి పెట్టాను. ఇటుకలు చేతికి తగిలాయి. బయటికి తీశాను. రెండూ నిక్షేపంగా ఉన్నాయి. మూడు దినాలు నీళ్ళలో ఉన్న ఇటుకలు! వాటి చిల్లుల్లోంచి పాలలాగా తెల్లటి నీళ్ళు కారుతున్నాయి, అంతే.

అప్పుడు నాకు ఉగాది ముందు గోడలకు సున్నం తడిపిన రోజు గుర్తొచ్చింది. ఇటుక సంకన పెట్టుకుని, చీర తడుస్తున్నా లెక్కచెయ్యక, అప్పటికి అందరూ చేరిన బట్టీ దగ్గరికి పరుగు తీశాను.

"మామా, ఇది కొట్టు."

"ఏందది?"

"మన ఇటికే. మూడు దినాలు తొట్లో మునిగుండింది. కొట్టి చూడు."

కొట్టాడు. తడిసిన గొంతుతోనైనా పలికింది. తిప్పి తిప్పి చూశాడు.

"సున్నం తడిపేటప్పుడు అత్త ఏమంటాది? కొంచెం కొంచెం పోస్తే ఎగిరి కండ్లల్లో పడతాది, మునిగేటట్టు పొయ్యమంటాది. మునిగితే మెత్తగా కుదురుకుంటాది. దావీదన్న చల్లినాడు కాబట్టి పగిలినాయి. ముంచుంటే పగిలేవి కాదు."

అందరికంటే ముందు బీజాన్ అందుకుంది. "అవునప్పా! ముంచితే పాలై కారిపోతాది. లోపల ఉబ్బేదానికి అదేం మిగలదు."

హుస్సేన్ వలి భార్య వైపూ నా వైపూ చూసి, "మా కుందూ మన్నులో సుద్ద లేదు. ఇంత కాలం బట్టీలు పెట్టినా ఈ సంగతి నాకు తెలీదు" అన్నాడు.

మామ మాత్రం ఊరికే నమ్మే మనిషి కాదు. పది ఇటుకల మీద నీళ్ళు చల్లించాడు, పదింటిని ఒక పూట ముంచి తీయించాడు. రెండు దినాలు కాపలా కాశాడు. చల్లినవాటిలో ఏడు పగిలాయి. ముంచినవి పదీ పదిలంగానే ఉన్నాయి. మామ లేచి, "ముంచల్ల" అన్నాడు.

ముంచడానికి బావి దగ్గరున్న రాతితొట్టి ఉంది. ఎద్దులు లాగే కపిలి తోలుసంచి నీళ్ళు తెచ్చి పోసేది దాంట్లోనే. దినమంతా కపిలి తోలితే, దఫాకు అయిదునూర్ల చొప్పున మూడు దఫాలు ముంచొచ్చు. పదిహేను వేలకు పది దినాలు. కానీ నీళ్ళు దినం మార్చి దినం. మా వంతు దినాల్లోనే ముంచితే ఇరవై దినాలు. మృగశిరకు ఉన్నవి పన్నెండు. ఈ లెక్క అక్కడున్న అందరికీ వచ్చు.

"నేను పోయి చిన్నమామను అడిగొస్తా" అన్నాను. నేనడిగితే ఆయన కాదనడని నాకు తెలుసు.

"నిప్పు పెట్టింది నువ్వా?" అన్నాడు మామ. కండువా సర్దుకుని ఊరి దారి పట్టాడు. నేను ఒక ఖాళీ కడవ చంకన పెట్టుకుని, వేరే పని ఉన్నట్టు వెనకాలే పోయాను.

చిన్నమామ అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. మామ గడప ముందర, కింద నిలబడ్డాడు.

"చెన్నకేశవులూ."

"ఏందన్నా?" చిన్నమామ తాడు వదిలేసి దిగ్గున లేచాడు.

"నీ వంతు నీళ్ళు కావల్ల. పది దినాలు."

మాఘమాసంలో మామ అన్న మాటను చిన్నమామ ఎక్కడ ఎత్తిపొడుస్తాడోనని నేను కడవను గట్టిగా పట్టుకున్నాను. ఆయన తాడు వైపు చూశాడు, నా వైపు చూశాడు, కడవ వైపు చూశాడు.

"ఎద్దులు?" అన్నాడు.

"నాకుండేది ఒక్క జతే గదా."

"పది దినాలు ఒక జత తోల్తే చచ్చిపోతాయి. నావి గూడా కట్టుకుందాం."

మామ తల ఊపి వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేశాక చిన్నమామ మళ్ళీ పిలిచాడు.

"అన్నా. ఇటికెలకు పెద్దచేని మన్ను వేస్తివంట?"

"వేస్తి. అనుభవిస్తాండా, చూస్తాండావ్ గదా."

"నా సగంలోది గూడా ఒక గంప ఏసుంటే పొయ్యేది గదా. నాయన దున్నింది నీ సగమొక్కటేనా?"

మామ చేని దారి పట్టాడు.

మరునాడు సూర్యుడు లేచేసరికి చిన్నమామ ఎద్దులు బావి దగ్గర ఉన్నాయి. అన్నదమ్ములిద్దరూ వంతులేసుకుని కపిలి తోలారు. బీజానూ నేనూ నడుము లోతు తొట్టిలో దిగి ముంచడం, హుస్సేన్ వలీ దావీదూ అందుకుని పేర్చడం. అత్త అందరికీ రాగిసంగటి కలిపి తెచ్చేది. తెచ్చి, "సున్నం సంగతి చెప్పింది నేనే గదా" అని రోజుకు మూడుసార్లు గుర్తుచేసేది. నీళ్ళు మజ్జిగలా తెల్లబడేవి. సున్నానికి మా చేతులు పగిలి, పడుకునే ముందు ఆముదం రాసుకోవాల్సి వచ్చేది. బీజాన్ నా చేతులు చూసి, "నంద్యాల బట్టీలోకి వస్తావా కమలక్కా, కూలి ఇస్తా" అని నవ్వించేది. తొమ్మిదోనాడు పొద్దుగూకినాక పెద్దవాన పడింది. అప్పటికి ముంచనివి పదిహేనువందలు మిగిలి ఉన్నాయి. అవి పగిలితే పగలనీ అన్నాడు మామ. గదుల్లో నేల పరచడానికి ఆ ముక్కలు పనికొచ్చాయి. ముంచినవి వానలో కడిగిన ముఖాలతో చెక్కుచెదరకుండా నిలబడ్డాయి.

మృగశిర నాడు గడప నిలబెట్టాలి. కట్టడానికి దావీదు ఒండ్రూ ఇసకా కలిపి అడుసు తొక్కుతున్నాడు. అప్పుడు చిన్నమామ నెత్తిన గంపతో వచ్చాడు. గంప దించి పక్కన నిలబడ్డాడు. పెద్దచేనులో ఆయన సగంలోని మన్ను.

మామ దగ్గరికి పోయి ఒక గడ్డ తీశాడు. అరచేతిలో నలిపాడు. నల్లటి పొడిలో తెల్లటి గుళ్ళు. చిన్నమామ ముఖం చిన్నబోయింది. గంప మళ్ళీ ఎత్తుకోవడానికి వంగాడు కూడా.

మామ ఆ అరచెయ్యి నా ముందు చాచాడు.

"నువ్వు చెప్పమ్మా. పనికొస్తాదా?"

మన్ను సంగతి నన్ను అడుగుతున్నాడు మా మామ! దావీదు తొక్కడం ఆపేశాడు. నేను ఆ గుళ్ళను వేలితో అటూ ఇటూ కదిపాను. తెలియక కాదు, ఆ కాసేపు అట్లా ఉండాలనిపించి.

"కాలితేనే గదా మామా ఇది సున్నమయ్యేది. దీనికి నిప్పు తగల్లేదు. అడుసులో ఏం చెయ్యదు, వేసుకోవచ్చు."

"విన్యావా దావీదూ? కలుపు" అన్నాడు మామ.

చిన్నమామే గంప ఎత్తి పోశాడు. అన్నదమ్ములిద్దరూ పంచెలు ఎగగట్టి దావీదుతో పాటు అడుసులోకి దిగారు. సాయంత్రానికి గడప నిలబడింది. మా సామాన్లు ఆ రోజే కొట్టంలోంచి తెచ్చి గడప లోపల పెట్టుకున్నాం. మొదటి గది కప్పుకు బండలు పరిచేదాకా పైన టార్పాలిను కట్టుకుని పడుకున్నాం.

ఆ తర్వాత మా మామ తమ్ముడి గడప ముందర ఎన్నిసార్లు నిలబడ్డాడో లెక్కే లేదు. ఊరంతా ఆయన్ను శేషయ్య అనే పిలిచింది.